చంద్రా కెమెరాను దెబ్బతీసిన ప్రోటాన్లు

చంద్రా ఎక్స్-రే అబ్జర్వేటరీ భూమిని ఒకసారి చుట్టి రావడానికి దాదాపు 64 గంటలు పడుతుంది. ప్రతి చుట్టులోనూ భూమికి దగ్గరగా వచ్చినప్పుడు విద్యుదావేశ కణాలు దట్టంగా ఉండే వాన్ అలెన్ రేడియేషన్ వలయాల్లోంచి వెళ్లక తప్పదు. అక్కడికి చేరకముందే ఏసిస్ అనే ప్రధాన కెమెరాను అద్దాల నాభి దగ్గర్నుంచి పక్కకు జరిపేస్తారు. ప్రయోగించిన మొదటి వారాల్లో ఈ జాగ్రత్త లేదు. ఆ కొద్ది వారాల్లోనే కెమెరాకు జరిగిన నష్టం ఇప్పటికీ పూడలేదు.

ఆ నష్టం ఎంతటిదో తెలియాలంటే సిలికాన్ సెన్సర్ ఎక్స్-రేతో ఏం చేస్తుందో చూడాలి. మామూలు కెమెరా పిక్సెల్‌లో కాంతి కణాలు వేలకొద్దీ పోగవుతాయి. ఎక్స్-రే టెలిస్కోపులో మాత్రం ఒక్కొక్క ఫోటాన్‌నూ విడిగా పట్టుకుని, దాని శక్తిని కొలుస్తారు. సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి సగటున 3.65 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఖర్చవుతుంది. పరీక్షలకు వాడే ఇనుము-55 అనే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ పడితే దాదాపు 1,600 ఎలక్ట్రాన్లు పుడతాయి. వాటిని లెక్కపెడితే ఫోటాన్ శక్తి తెలుస్తుంది. ఆ శక్తిని బట్టి అది ఇనుము నుంచి వచ్చిందా, గంధకం నుంచి వచ్చిందా అన్నది తేలుతుంది. పేలిపోయిన నక్షత్రం ఏ మూలకాలను వెదజల్లిందో మనం చెప్పగలుగుతున్నది ఈ లెక్కతోనే. అయితే ఎంత మంచి సెన్సర్‌లోనైనా ఎలక్ట్రాన్ల సంఖ్య ప్రతిసారీ కొంచెం అటూ ఇటూ అవుతుంది. అందుకే, ఒకే శక్తి ఉన్న ఫోటాన్లు గ్రాఫులో ఒక గీతలా కనిపించినా, 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర దాదాపు 120 ఎలక్ట్రాన్ వోల్టుల కంటే సన్నని గీతను సిలికాన్ ఇవ్వలేదు. అది ప్రకృతి పెట్టిన హద్దు.

సీసీడీ అనే ఈ రకం సిలికాన్ సెన్సర్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. దాన్ని కనిపెట్టిన విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్‌లకు 2009లో నోబెల్ వచ్చింది. ఎక్స్-రే ఫోటాన్లను ఒక్కొక్కటిగా కొలవడానికి సీసీడీలను వాడిన తొలి ఉపగ్రహం జపాన్‌కు చెందిన ఆస్కా. 1993 ఫిబ్రవరిలో ఎగిరింది. అంతకుముందు వాడిన గ్యాస్ కౌంటర్లలో కలిసిపోయి కనిపించిన గీతలు ఇందులో విడివిడిగా తేలాయి. రేడియేషన్ వల్ల ఆ సెన్సర్ల చురుకు ఏటికేడాది తగ్గుతూ వచ్చింది. కాబట్టి కక్ష్యలో సిలికాన్ అరిగిపోతుందని చంద్రా తయారుచేసినవాళ్లకు తెలుసు. ఇంత త్వరగా, ఈ దారిలో అరుగుతుందని మాత్రం అనుకోలేదు.

సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న ఆ అబ్జర్వేటరీ 1999 జులై 23న కొలంబియా షటిల్‌లో బయల్దేరింది. ఏసిస్‌లో 10 చిప్పులు, ఒక్కో దాంట్లో 1024 వరసలు. ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలో తయారయ్యాయి. ఎనిమిదింటిలో ఎలక్ట్రోడ్లున్న ముఖం అద్దాల వైపుకు ఉంటుంది. మిగతా రెండింటిని తిరగేసి, వెనక నుంచి ఎక్స్-రేలు పడేలా అమర్చారు. ఆగస్టులో పేలిపోయిన నక్షత్రపు శేషం కాసియోపియా-ఎ చిత్రం వచ్చినప్పుడు అందరూ మురిసిపోయారు.

సెప్టెంబరు మొదట్లో ఆ ఎనిమిది చిప్పుల్లో గీతలు వెడల్పెక్కడం కనిపించింది. ఎలక్ట్రాన్లను లెక్కపెట్టే అంచుకు ఎంత దూరంలో ఫోటాన్ పడితే గీత అంత చెదిరిపోతోంది. సీసీడీలో ఎలక్ట్రాన్ల మూట, మనుషులు వరసగా నిలబడి నీళ్ల బిందెను చేతులు మార్చినట్టు, పిక్సెల్ నుంచి పిక్సెల్‌కు మారుతూ అంచుకు చేరుతుంది. స్ఫటికంలో ఒక పరమాణువు చోటు తప్పితే అక్కడ ఒక ఉచ్చు ఏర్పడి, దాటే మూటలోంచి ఎలక్ట్రాన్లను పట్టుకుంటుంది. ఒక్కో మార్పులో పోయేది పదివేలలో ఒక వంతే అనుకుందాం. వెయ్యి మార్పులు దాటేసరికి పదో వంతు పోతుంది. అంటే 1,600లో 150కి పైగా ఎలక్ట్రాన్లు గల్లంతు. నిజంగా జరిగిన నష్టం ఇంతకంటే కొంచెం ఎక్కువే.

దోషి ఎవరో పట్టించిన ఆధారాలు రెండు. లెక్కకు ముందు చిత్రాన్ని దాచే భాగం మూత కింద ఉంటుంది, దానికేమీ కాలేదు. తిరగేసిన రెండు చిప్పులూ బాగానే ఉన్నాయి. చుట్టూ ఉన్న కవచాన్ని చీల్చుకొచ్చే బలమైన కణాలైతే వీటిని వదిలేవి కావు. వచ్చినవి దాదాపు 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల బలహీన ప్రోటాన్లు. ఎక్స్-రేల కోసం అంత నునుపుగా చెక్కిన అద్దాల మీద అవి కూడా ఏటవాలుగా చెదిరి, తెరిచిన ముందు దారిలోంచే నాభికి చేరాయి. వాటికి సిలికాన్‌లో మైక్రాన్ లోతుకు మించి దిగే శక్తి లేదు. ఎలక్ట్రాన్లు ప్రయాణించే కాలువ సరిగ్గా ఆ లోతులోనే ఉంది. తిరగేసిన చిప్పుల్లో అది దాదాపు 45 మైక్రాన్ల అవతల ఉండడంతో బతికిపోయింది. ఆ చిప్పుల్ని అలా పెట్టింది తక్కువ శక్తి ఎక్స్-రేల కోసం. ప్రోటాన్ల నుంచి కాపాడటం అదృష్టవశాత్తూ కలిసొచ్చింది.

వెంటనే కెమెరాను పక్కకు జరిపే పద్ధతి మొదలైంది. 2000 జనవరిలో చిప్పుల్ని మైనస్ 120 డిగ్రీలకు చల్లబరిచారు. చలిలో ఉచ్చులు పట్టిన ఎలక్ట్రాన్లను చాలాసేపు వదలవు. నిండిన ఉచ్చు తర్వాతి మూట జోలికి పోదు. మిగిలిన లోటును సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దే పని అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ బృందం చేపట్టింది. నన్నడిగితే ఆ నెలల్లో జరిగిన అతి విలువైన పని ఈ మరమ్మతు కూడా కాదు, జరిగింది దాచకుండా చెప్పడం. యూరప్ వాళ్ల ఎక్స్-రే టెలిస్కోపు ఎక్స్ఎంఎం-న్యూటన్ 1999 డిసెంబరు 10న ఎగరాల్సి ఉంది. కబురు సమయానికి అందింది. రేడియేషన్ వలయాల్లో దాని కెమెరాల ఫిల్టర్ చక్రాన్ని మూసి ఉంచడం అలవాటైంది. 2005లో వెళ్లిన జపాన్ ఉపగ్రహం సుజాకు మరో ఉపాయం చూపింది: కొన్ని వరసల ఎడంతో కావాలనే ఎలక్ట్రాన్లను నింపి, ఉచ్చుల్ని ముందే తృప్తిపరచడం.

మన ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లింది. టాటా ఇన్‌స్టిట్యూట్ నిర్మించిన దాని సాఫ్ట్ ఎక్స్-రే టెలిస్కోపులో ఉన్నది ఎక్స్ఎంఎం కెమెరాల్లో వాడిన రకం సీసీడీయే. కానీ కక్ష్య వేరు: 650 కిలోమీటర్ల ఎత్తు, భూమధ్యరేఖకు 6 డిగ్రీల వంపు. దక్షిణ అట్లాంటిక్ మీద ప్రోటాన్లు దట్టంగా ఉండే ప్రాంతం అంచును మాత్రమే తాకుతూ పోతుంది. దానికి కట్టే మూల్యం ఒకటుంది. గంటన్నరకు కాస్త పైబడిన ప్రతి చుట్టులోనూ భూమి అడ్డొచ్చి, చూస్తున్న నక్షత్రం మరుగున పడుతుంది. చంద్రా అయితే రెండు రోజులపాటు ఒకే చోటికి కన్నార్పకుండా చూడగలదు. ఆ వలయాలు దాటాల్సి వస్తుందని తెలిసినా దాన్ని అంత ఎత్తుకు పంపింది అందుకే.