బోరు నీళ్ళలో పెట్రోలు వాసన

పెరంబూరు, చెన్నై

చి. చిట్టికి, చి. బాబీకి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో బాబీ అడిగాడు: "నూనె నీళ్ళమీద తేలుతుంది కదా అమ్మమ్మా, పైది తీసేస్తే కింది నీళ్ళు మంచివే కదా?" ఇంతలో మీ అమ్మ ఫోన్ లాక్కుంది. నీళ్ళ పరీక్షల ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసినదాన్ని, దీనికి జవాబు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

2013లో ఇక్కడ తొండియార్‌పేటలో భూమిలో పాతిన పైపులైను కారి, ఇళ్ళ బోర్లలోకి చమురు చేరింది. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. అప్పట్లో తెలిసినవాళ్ళింటికి వెళితే బోరు నీళ్ళు బకెట్‌లో పట్టి చూపించారు. పైన రంగురంగుల పొర. చెంబుతో పక్కకి తోస్తే జరిగి, మళ్ళీ వచ్చి కలిసిపోయింది. ఇంటావిడ ఆ పొరంతా వంచేసి, అడుగు నీళ్ళు నా ముక్కు దగ్గర పెట్టింది. వాసన అలాగే ఉంది!

పెట్రోలంటే ఒక్క పదార్థం కాదర్రా, వందల పదార్థాల కలగూరగంప. వాటిలో ఆక్టేన్‌లాంటివి నీటికి దాదాపు అంటవు. బెంజీన్ అలా కాదు, లీటరు నీటిలో 1.8 గ్రాముల దాకా కరుగుతుంది. ఆక్టేన్‌కన్నా వెయ్యి రెట్లకు పైనే. మన పెట్రోలులో బెంజీన్ 1 శాతం దాటకూడదని నిబంధన ఉంది, కాబట్టి నీళ్ళలోకి అంత మోతాదు దిగదు. కానీ దిగాల్సిన పని కూడా లేదు. తాగేనీటిలో లీటరుకి 10 మైక్రోగ్రాములే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే లక్ష లీటర్ల నీళ్ళని ఆ హద్దుకి చేర్చడానికి ఒక్క గ్రాము చాలు. మన వీధికొచ్చే 12,000 లీటర్ల నీళ్ళ లారీలు ఎనిమిదిని మించి! ఇది క్యాన్సర్ తెచ్చే పదార్థం, అందుకే అంత పట్టింపు.

ఇక మట్టిలో సంగతి. కారిన పెట్రోలులో కొంత ఆవిరై ఇసుక సందుల్లోంచి పైకొస్తుంది, ఒక్కోసారి ఇళ్ళలోకి కూడా. కొంత రేణువుల మధ్య ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. మిగిలింది భూగర్భజలం మీదికి చేరి తేలుతుంది. అక్కడితో అయిపోతే బాగుణ్ణు. ఐప్పసి (ఇక్కడి తమిళ నెల, అక్టోబరు-నవంబరు) వానలకు నీటిమట్టం లేస్తుంది, మే నెలకి దిగిపోతుంది. దాంతోపాటు నూనె కూడా ఎక్కుతూ దిగుతూ దారిపొడవునా మట్టికి పూసుకుపోతుంది. వానాకాలంలో నీళ్ళు పైకి రాగానే నూనె వాటి కింద చిక్కుకుపోతుంది. బోరులో పొర పలచబడుతుంది, జనం "హమ్మయ్య, వాన కడిగేసింది" అనుకుంటారు. ఎండాకాలం రాగానే మళ్ళీ తేలుతుంది. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డిసెంబరు ఫలితం చూసి సంబరపడి, పెద్దసారుతో చీవాట్లు తిన్నాను.

దీన్ని తినే బాక్టీరియా మట్టిలోనే ఉంది. కానీ ఒక గ్రాము బెంజీన్‌ని పూర్తిగా అరిగించుకోవడానికి మూడు గ్రాముల ఆక్సిజన్ కావాలి. లీటరు నీటిలో ఉండేదేమో మహా అయితే 8 మిల్లీగ్రాములు. అది అయిపోయాక పని నత్తనడకే. పైగా 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో మొదలుపెట్టిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఇప్పుడు బంకుల్లో పోస్తున్నారు. ఇథనాల్ నీటిలో ఇట్టే కలిసిపోతుంది. బాక్టీరియా ముందు దాని మీద పడుతుంది, విస్తట్లో జాంగ్రీ తినేసి కాకరకాయ కూర వదిలేసే చిట్టిలాగా. ఆక్సిజనంతా అక్కడే ఖర్చు. బెంజీన్ మాత్రం నీటితోపాటు ఇంకొంత దూరం పోతుంది. (పొగ తగ్గించడానికి పెట్టిన ఏర్పాటు నేల కింద ఇలా తిరగబడుతుందని నేను అంటే మీ తాతయ్యకి కోపం. అయినా అంటాను.)

కాచి తాగితే సరిపోతుందా అని చిట్టి అడుగుతుంది, నాకు తెలుసు. బెంజీన్ 80 డిగ్రీలకే మరుగుతుంది. కాస్తే నీళ్ళలోంచి వంటింటి గాల్లోకి వస్తుంది, అక్కణ్ణుంచి మన ఊపిరిలోకి. అలాంటి నీళ్ళు కాచొద్దు, తాగొద్దు.

ఈసారి సెలవులకి వచ్చినప్పుడు మన బోరు నీళ్ళు పరీక్షకి పంపిద్దాం. సీసా మెడదాకా కాదు, అంచు పొంగేదాకా నింపాలి. బిగించి తలకిందులు చేస్తే ఒక్క బుడగ కనబడకూడదు. ఖాళీ ఉంటే బెంజీన్ ఆ గాల్లోకి ఎక్కేస్తుంది, మూత తీయగానే ల్యాబ్‌వాళ్ళకి దొరక్కుండా పోతుంది. మూత బిగించే పని బాబీది, వాడి చేతులు గట్టివి.

మీ అమ్మమ్మ