విదేశంలో విశ్రాంత జీవితం: స్థానిక బ్యాంకు ఎంపికపై అపోహలు – వాస్తవాలు

రిటైరయ్యాక వేరే దేశంలో స్థిరపడేవారు ఇల్లు చూసుకోవడానికి నెలల తరబడి తిరుగుతారు. బ్యాంకు దగ్గరకొచ్చేసరికి ఒక్క పూటలో తేల్చేస్తారు. ఇంటికి దగ్గరగా ఉందనో, కౌంటర్లో ఇంగ్లిష్ మాట్లాడేవారు ఉన్నారనో, పక్కింటాయన ఖాతా కూడా అక్కడే ఉందనో ఏదో ఒకటి ఎంచుకుంటారు. ఖాతా తెరిచిన రోజు ఏ బ్యాంకైనా బాగానే ఉంటుంది. పింఛను పడని నెలలో, ఫోన్ పోయిన రోజున, ఖాతాదారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఆ తర్వాత కుటుంబం ఒక్కటే మిగిలినప్పుడు ఆ బ్యాంకు ఎలా పనిచేస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి. ఇలాంటివారికి సలహాలిచ్చే పనిలో ఉన్న మాకు ఎక్కువగా వినిపించే అపోహలు ఇవి.

అపోహ: ప్రపంచమంతా పేరున్న బ్యాంకైతే డబ్బుకు ఢోకా ఉండదు.

వాస్తవం: బోర్డు మీద పేరు ఒకటే అయినా లోపలి నిర్మాణం వేరుగా ఉండొచ్చు. ఆ బ్యాంకు అక్కడ నేరుగా తన బ్రాంచి తెరిచి ఉండొచ్చు, లేదా స్థానిక చట్టం కింద విడిగా ఒక అనుబంధ సంస్థను నమోదు చేసి ఉండొచ్చు. అనుబంధ సంస్థ అయితే సాధారణంగా స్థానిక డిపాజిట్ బీమా కిందకు వస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో ఒక సభ్యదేశపు బ్యాంకు మరో సభ్యదేశంలో బ్రాంచి పెడితే, బీమా బాధ్యత బ్యాంకు సొంత దేశానిదే. ఈ తేడా ఎంత పెద్దదో 2008లో, ఈయూలో లేకపోయినా ఇదే నిబంధన వర్తించే ఐస్‌లాండ్‌కు చెందిన లాండ్స్‌బాంకీ కూలినప్పుడు బయటపడింది. దాని ఐస్‌సేవ్ ఖాతాల్లో దాచుకున్న బ్రిటన్, నెదర్లాండ్స్ డిపాజిటర్లకు ముందుగా చెల్లించాల్సింది ఐస్‌లాండ్ బీమా నిధి. ఆ నిధిలో అంత డబ్బు లేదు. చివరికి ఆ రెండు దేశాల ప్రభుత్వాలే ముందుకొచ్చి చెల్లించాయి. ప్రతిసారీ అలా జరుగుతుందని నమ్మి జీవితకాలపు పొదుపును పెట్టకూడదు.

అందుకే కౌంటర్లో మొదట అడగాల్సిన మాట: ఈ ఖాతాకు ఏ దేశపు డిపాజిట్ బీమా వర్తిస్తుంది, ఎంతవరకు? ఈయూ దేశాల్లో పరిమితి 1,00,000 యూరోలు. బ్రిటన్‌లో 2025 డిసెంబర్ 1 నుంచి 1,20,000 పౌండ్లు. అమెరికాలో 2,50,000 డాలర్లు. థాయిలాండ్‌లో 10 లక్షల బాట్, అదీ బాట్‌లో ఉన్న డిపాజిట్లకే; విదేశీ కరెన్సీ ఖాతాలకు అక్కడ బీమా లేదు. మామూలుగా ఈ పరిమితి ఒక మనిషికి ఒక బ్యాంకులో ఉన్న మొత్తం డబ్బు మీద. ఒకే బ్యాంకులో నాలుగు ఖాతాలు తెరిచినంత మాత్రాన రక్షణ నాలుగింతలు కాదు.

పరిమితి దాటిన డబ్బుకు ఏమవుతుందో 2013లో సైప్రస్‌లో చూశాం. మార్చిలో బ్యాంకులు దాదాపు రెండు వారాలు మూతపడ్డాయి. తెరిచాక కూడా రోజుకు 300 యూరోలకు మించి తీయనివ్వలేదు. బ్యాంక్ ఆఫ్ సైప్రస్‌లో లక్ష యూరోలు దాటిన డిపాజిట్లలో 47.5 శాతాన్ని బ్యాంకు షేర్లుగా మార్చేశారు. లక్ష లోపు ఉన్నవారి అసలుకు నష్టం రాలేదు గానీ, ఆ రెండు వారాలూ ఏటీఎంలో దొరికిన కొద్ది మొత్తం తప్ప వారూ డబ్బు తీయలేకపోయారు. రెండో బ్యాంకులో, వీలైతే రెండో దేశంలో, మూడు నాలుగు నెలల ఖర్చు విడిగా ఉంచమని మేం గట్టిగా చెప్పేది ఇందుకే.

పాత ఇల్లు అమ్మిన సొమ్ము ఒకేసారి ఖాతాలో పడేవారికి ఒక వెసులుబాటు ఉంది. ఈయూ దేశాల్లో అలాంటి తాత్కాలిక పెద్ద నిల్వలకు లక్ష యూరోలకు పైన కూడా కొంతకాలం రక్షణ ఉంటుంది. ఆ గడువు దేశాన్ని బట్టి 3 నుంచి 12 నెలలు. ఇల్లు అమ్మిన దస్తావేజు ప్రతి దగ్గర ఉంచుకోవాలి, గడువు తేదీ రాసిపెట్టుకోవాలి.

అపోహ: వడ్డీ ఎక్కువిచ్చే బ్యాంకే మంచిది.

వాస్తవం: పింఛను ఒక కరెన్సీలో వస్తూ, పొదుపు మరో కరెన్సీలో ఉంటే వడ్డీ కంటే మారకపు రేటే ఎక్కువ నిర్ణయిస్తుంది. 2021లో ఒక్క ఏడాదిలోనే టర్కీ లీరా డాలరుతో పోలిస్తే 40 శాతానికి పైగా విలువ కోల్పోయింది. ఆకర్షణీయమైన లీరా వడ్డీ ఆ గండిని పూడ్చలేదు. అలాగని డాలరు ఖాతా ఉంటే నిశ్చింత అనుకోవడమూ పొరపాటే. లెబనాన్ బ్యాంకుల్లో 2019 అక్టోబర్ నుంచి డాలరు డిపాజిటర్లు తమ డాలర్లను తామే తీసుకోలేక ఇబ్బందులు పడ్డారు. ఖాతా ఏ కరెన్సీలో ఉన్నా, డబ్బు ఉన్నది ఆ దేశపు బ్యాంకులో, ఆ దేశపు ఆంక్షల కింద. స్థానిక కరెన్సీలో మీ ఖర్చుకు, వీసా నిబంధనకు కావాల్సినంత ఉంచండి. మిగతాది అక్కడికి తరలించేముందు బాగా ఆలోచించండి.

అపోహ: ట్రాన్స్‌ఫర్ ఛార్జీ లేదంటే పింఛను చవగ్గా వచ్చినట్టే.

వాస్తవం: ఛార్జీ కంటికి కనిపిస్తుంది, మారకపు రేటులో కోత కనిపించదు. లెక్క ఇలా వేయాలి. మార్కెట్ రేటు డాలరుకు 36.00 ఉన్న గంటలో బ్యాంకు మీకు 35.10 ఇచ్చిందనుకుందాం. తేడా 0.90, అంటే 2.5 శాతం. నెలకు 2,000 డాలర్ల పింఛను మీద 50 డాలర్లు, ఏడాదికి 600 డాలర్లు పోతాయి. 15 డాలర్ల ఛార్జీ తీసుకుని మార్కెట్ రేటుకు దగ్గరగా మార్చే బ్యాంకు దీనికంటే ఎంతో నయం. ముందుగా ఒక చిన్న మొత్తం పంపించి, డబ్బు జమైన సమయానికి మార్కెట్ రేటు ఎంతుందో చూసి, చేతికొచ్చిన మొత్తాన్ని పంపిన మొత్తంతో భాగించండి. బ్యాంకు పాంప్లెట్ కంటే ఈ ఒక్క భాగహారమే నిజం చెబుతుంది.

స్విఫ్ట్ (దేశాల మధ్య బ్యాంకులు వాడే వ్యవస్థ) బదిలీ ఫారంలో ఛార్జీలు ఎవరు భరించాలో చెప్పే గడి ఉంటుంది. ‘అవర్’ అని పెడితే పంపేవారే అన్నీ కడతారు. ‘షా’ అంటే చెరి కొంత. ‘బెన్’ అంటే మొత్తం మీ డబ్బులోంచే పోతుంది. ‘షా’ పెట్టినప్పుడు మధ్యలో ఉన్న బ్యాంకులు కూడా తమ వంతు కోసుకోవచ్చు, అందుకే నెలనెలా పడే మొత్తం కొద్దిగా మారుతుంటుంది. మామూలు ఖర్చులకైతే ఇది చిన్న విషయం. వీసాకు మాత్రం పెద్దదే. థాయిలాండ్‌లో నెలకు 65,000 బాట్ ఆదాయం చూపించి బస పొడిగించుకునేవారికి ఒక నెల 64,800 పడినా చిక్కే. కొన్ని బదిలీ సేవల ద్వారా వచ్చిన డబ్బు పాస్‌బుక్‌లో స్థానిక బదిలీగా నమోదవుతుంది. అప్పుడు అది విదేశం నుంచి వచ్చిందని ఇమిగ్రేషన్ వారికి రుజువు చూపాల్సి వస్తుంది. పింఛను దారి ఖరారు చేసుకునేముందు పాస్‌బుక్‌లో ఏ కోడ్ పడుతుందో అడగండి.

డబ్బు దారిలో ఆగిపోతే ‘రేపు రండి’ అన్న సమాధానంతో వెనక్కి రావద్దు. పంపిన బ్యాంకు నుంచి యూఈటీఆర్ అనే 36 అక్షరాల ట్రాకింగ్ నంబరు తీసుకుని స్థానిక బ్యాంకుకు ఇవ్వండి. డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో దాంతో తెలుస్తుంది.

ఏటీఎం తెర మీద ‘మీ దేశపు కరెన్సీలో లెక్కించమంటారా’ అని అడిగితే వద్దనే నొక్కండి. ఆ రేటు దాదాపు ఎప్పుడూ నష్టమే.

అపోహ: పాస్‌పోర్టు ఉంటే చాలు, ఖాతా తెరుస్తారు.

వాస్తవం: చాలా చోట్ల పాస్‌పోర్టుతో పాటు నివాస అనుమతి లేదా సరైన వీసా, మూడు నెలల లోపు చిరునామా రుజువు, పన్ను గుర్తింపు సంఖ్య, పింఛను మంజూరు పత్రం, పెద్ద మొత్తమైతే ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితాలు అడుగుతారు. పోర్చుగల్‌లో నిఫ్ (పన్ను సంఖ్య), స్పెయిన్‌లో ఎన్‌ఐఈ (విదేశీయుల గుర్తింపు సంఖ్య) ముందుగా తెచ్చుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. పని ఎక్కువగా చెడేది పేరు దగ్గరే. పింఛను రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే బదిలీ వెనక్కి పోయే ప్రమాదం ఉంది. పాస్‌పోర్టు ఎలా ఉందో ఖాతా అలా తెరిచి, పింఛను ఆఫీసు రికార్డును కూడా దానికే సరిచేయించండి. పాస్‌పోర్టు మారినప్పుడు కొత్త నంబరు బ్యాంకులో నమోదు చేయించకపోతే ఖాతాను నిలిపివేయొచ్చు. నాన్‌-రెసిడెంటుగా ఖాతా తెరిచి తర్వాత నివాస కార్డు వచ్చినవారు ఆ మార్పు కూడా చెప్పాలి, వడ్డీ మీద పన్ను దాన్నిబట్టే ఉంటుంది.

అపోహ: విదేశీయుడని బ్యాంకు కాదంటే ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: ఈయూలో చట్టబద్ధంగా నివసించే ఎవరికైనా ప్రాథమిక ఖాతా పొందే హక్కును 2014 నాటి ఆదేశం ఇచ్చింది. పూర్తి దరఖాస్తు అందిన 10 పనిదినాల్లోగా బ్యాంకు ఖాతా తెరవాలి, లేదా నిరాకరించాలి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. మిగతా దేశాల్లో ఒకే బ్యాంకులో ఒక బ్రాంచి కాదన్నది మరో బ్రాంచి ఒప్పుకోవడం మామూలే. విదేశీయులు ఎక్కువగా ఉండే ప్రాంతంలోని బ్రాంచికి వెళ్లండి.

అపోహ: ఇక్కడ ఖాతా వచ్చేసింది కాబట్టి పాతది మూసేయొచ్చు.

వాస్తవం: కనీసం ఏడాది ఆగండి. పన్ను రీఫండ్, బీమా, పింఛను బకాయిలు పాత ఖాతాకే వస్తుంటాయి. అయితే ఖాతా ఉన్నా ఓటీపీ వచ్చే సిమ్ చచ్చిపోతే అది తాళం పోయిన బీరువాతో సమానం. ఆ నంబరును రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ అందేలా ఉంచి, గడువు లోపు రీఛార్జ్ చేస్తుండాలి. ఏడాదికి ఒకటి రెండు సార్లు చిన్న లావాదేవీ చేస్తే ఖాతా నిద్రాణమవదు. పాత బ్యాంకుకు విదేశీ చిరునామా ఇస్తే ఖాతా కొనసాగిస్తుందా లేదా అన్నది బయల్దేరకముందే తేల్చుకోండి.

అపోహ: విదేశీ ఖాతా సంగతి సొంత దేశపు పన్ను శాఖకు తెలియదు.

వాస్తవం: తెలుస్తుంది. 2014లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ తెచ్చిన సీఆర్‌ఎస్ ప్రమాణం కింద వందకు పైగా దేశాలు, ప్రాంతాలు ఖాతా వివరాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఖాతా తెరిచేటప్పుడు సంతకం పెట్టించే పన్ను నివాస ప్రకటన ఇందుకే. అమెరికా పౌరుల ఖాతా వివరాలను విదేశీ బ్యాంకులు అమెరికాకు తెలపాలనే 2010 నాటి ఫాట్కా చట్టం విడిగా ఉంది. వారి విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేయాలి.

అపోహ: పవరాఫ్ అటార్నీ, జాయింట్ ఖాతా ఉన్నాయి. నాకేమైనా అయితే మా ఆవిడ చూసుకుంటుంది.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్లే ఎక్కువ కుటుంబాలు దెబ్బతింటున్నాయి. పవరాఫ్ అటార్నీ ఇచ్చిన మనిషి చనిపోయిన క్షణం నుంచి చెల్లదు. ఆ తర్వాత దాంతో ఏటీఎంలో డబ్బు తీసినా వారసుల తగాదాకు, కేసుకు దారి తీయొచ్చు. ఆయన స్పృహలో లేనప్పుడు కూడా మామూలు పవరాఫ్ అటార్నీ చాలా చోట్ల నిలవదు. మానసిక సామర్థ్యం పోయాక కూడా చెల్లేలా ప్రత్యేకంగా రాయించాలి. సొంత దేశంలో రాయించిన పత్రాన్ని స్థానిక బ్యాంకు అపోస్టిల్ (పత్రం అసలైనదని అది జారీ అయిన దేశపు ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ), అధికారిక అనువాదం లేకుండా తీసుకోకపోవచ్చు. బ్యాంకు తన సొంత ఫారం మీదే అధికారం అడిగితే, ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే వెళ్లి సంతకాలు పెట్టండి.

జాయింట్ ఖాతా అన్ని దేశాల్లో ఒకటి కాదు. ఫ్రాన్స్‌లో ‘కోంత్ జ్వాన్’ (ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే వాడగల ఖాతా) అయితే ఒకరు పోయాక, వారసులు అభ్యంతరం చెప్పకపోతే రెండోవారు వాడుకోవచ్చు. ‘కోంత్ ఆండివీ’ (ఇద్దరి సంతకాలూ కావాల్సిన ఖాతా) అయితే స్తంభించిపోతుంది. ఫారం మీద ఒక్క టిక్ తేడా ఇది. తెరిచేరోజే అడగండి: ఇద్దరిలో ఒకరు చనిపోయారని తెలిసిన మర్నాడు రెండోవారు ఎంత తీయగలరు, ఏ కాగితాలతో? జవాబు రాతలో తీసుకోండి.

వీలునామా సంగతి కూడా ఇక్కడే. డెన్మార్క్, ఐర్లాండ్ తప్ప మిగతా ఈయూ దేశాల్లో 2015 ఆగస్టు 17 నాడు గానీ ఆ తర్వాత గానీ చనిపోయినవారి ఆస్తికి, వేరే ఏర్పాటు లేకపోతే, వారు చివరిగా స్థిరపడిన దేశపు వారసత్వ చట్టం వర్తిస్తుంది. తమ పౌరసత్వ దేశపు చట్టమే కావాలనుకుంటే వీలునామాలో ఆ మాట రాయాలి.

థాయిలాండ్‌లో మరో ముడి ఉంది. 50 ఏళ్లు దాటినవారు డిపాజిట్ చూపించి బస పొడిగించుకోవాలంటే 8 లక్షల బాట్ దరఖాస్తుకు 2 నెలల ముందు నుంచి, మంజూరైన 3 నెలల తర్వాత దాకా ఖాతాలో ఉండాలి. ఆ తర్వాత కూడా 4 లక్షలకు తగ్గకూడదు. ఆ ఖాతా దరఖాస్తుదారు ఒక్కరి పేరు మీదే ఉండాలి, జాయింట్ ఖాతాను సాధారణంగా ఒప్పుకోరు. అంటే పొదుపులో పెద్ద భాగం, జీవిత భాగస్వామి వెంటనే ముట్టుకోలేని ఖాతాలోనే ఉంటుంది. అలాంటివారు వీసా డిపాజిట్‌ను విడిగా ఉంచి, దానికి థాయ్ భాషలో స్థానిక వీలునామా రాయించి, ఇంటి అద్దె, ఆసుపత్రి, అంత్యక్రియలు, తిరుగు ప్రయాణానికి సరిపడా డబ్బు భార్య లేదా భర్త సొంత ఖాతాలో, వారి ఫోన్‌కే ఓటీపీ వచ్చేలా ఉంచాలి. వారు ఆ కార్డుతో నెలకోసారైనా తామే స్వయంగా డబ్బు తీయాలి. పిన్ గుర్తుందో లేదో, కార్డు గడువు తీరిందో లేదో అప్పుడే తెలుస్తుంది.