ఫొటోగ్రఫీ సిద్ధాంత పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

కెమెరా చేతికి అలవాటయ్యాక నా దగ్గర నేర్చుకునేవాళ్ళు తప్పకుండా అడిగేది ఒకటుంది: "ఫొటోకి అర్థం ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పే పుస్తకం ఏదైనా ఉందా సార్?" పుస్తకాల పేర్లు చెప్పేలోపే కొన్ని అపోహలు అడ్డొస్తాయి.

అపోహ: మంచి ఫొటో తనే మాట్లాడుతుంది, పుస్తకాలెందుకు?

వాస్తవం: అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంజ్ 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో తీసిన 'మైగ్రెంట్ మదర్' (వలస కూలీ తల్లి) చూడండి. ఒళ్ళో పసిబిడ్డ. చెరో భుజం మీదా వాలి, మొహాలు అటు తిప్పేసుకున్న ఇద్దరు పిల్లలు. వాళ్ళ మొహాలు కనబడవు కాబట్టే మన చూపు తల్లి కళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఇది ఫ్రేమ్ చేసిన పని. మిగతాదంతా మాటలు చేశాయి. వీళ్ళు కారు టైర్లు అమ్మి తిండి కొనుక్కున్నారని లాంజ్ రాశారు. అది నిజం కాదని ఆ కుటుంబం తర్వాత చెప్పింది. ఫొటోలోని తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనీ, చెరోకీ అనే అమెరికా ఆదివాసీ తెగ మూలాలున్న మనిషి అనీ లోకానికి తెలిసింది 1970ల చివర్లో. ఇవి తెలిశాక ఫొటోని మళ్ళీ చూడండి, ముందు చూసినట్టు చూడలేరు. ఈ తేడాని విడమరిచి చెప్పేదే మనకు కావాల్సిన పుస్తకం.

అపోహ: అమెరికన్ రచయిత్రి సూసన్ సోంటాగ్, ఫ్రెంచ్ విమర్శకుడు రోలాఁ బార్త్‌లతోనే మొదలుపెట్టాలి.

వాస్తవం: ఇద్దరూ చదవాల్సినవాళ్ళే, కానీ మొదట కాదు. సోంటాగ్ 'ఆన్ ఫొటోగ్రఫీ' (1977)లో వ్యాసాలే తప్ప ఫొటోలుండవు. బార్త్ 'కెమెరా లూసిడా' (1980) తల్లి పోయిన దుఃఖంలో రాసింది. అందులో అన్నిటికన్నా ముఖ్యమైన ఫొటో, ఆయన తల్లి చిన్నప్పటిది, పుస్తకంలో వేయనే లేదు. దాన్ని టెక్స్ట్‌బుక్‌లా చదివితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. నా మటుకు నేను అమెరికన్ మ్యూజియం క్యూరేటర్ జాన్ షార్కోవ్‌స్కీ 'ది ఫొటోగ్రాఫర్స్ ఐ' (1966)తో మొదలుపెట్టమంటాను. మాటలు తక్కువ, ఫొటోలు ఎక్కువ. వస్తువు, వివరం, ఫ్రేమ్, కాలం, నిలబడిన చోటు: ఈ ఐదింటితో చూడటం నేర్పుతుంది.

అపోహ: అర్థం కాకపోతే లోతైన పుస్తకమన్నట్టే.

వాస్తవం: కాదు. కొనేముందు ఒక పరీక్ష పెట్టండి. ఏదో ఒక ఫొటో గురించి రాసిన పేజీ తెరిచి చదవండి. ఆపైన ఆ ఫొటోలో మీరు ముందు చూడనిది ఒక్కటైనా కనిపిస్తే కొనండి. ఆ పేజీలో ఏ ఫొటో గురించి రాసినా సరిపోయే మాటలే ఉంటే, పేరు ఎంత పెద్దదైనా అక్కడే పెట్టేయండి.