డాలర్ గుర్తు తీసి పౌండ్ గుర్తు పెట్టిన కారు

2015 జనవరిలో ఫోర్డ్ కంపెనీ బ్రిటన్‌లో తన అమెరికన్ స్పోర్ట్స్ కారు మస్టాంగ్ ధరలు ప్రకటించింది. ఐదు లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఉన్న జీటీ మోడల్ 32,995 పౌండ్లు. అదే మోడల్ అమెరికాలో రవాణా ఖర్చుతో కలిపి 32,925 డాలర్లు. అంకె దాదాపు అదే, ముందున్న గుర్తే మారింది. అప్పట్లో పౌండ్‌కి డాలరున్నర వచ్చేది. సగానికి సగం ఎక్కువ లాగుతున్నారని చూసినవాళ్లకి అనిపించిందంటే తప్పులేదు.

కాగితం మీద లెక్క వేస్తే మాత్రం కథ వేరేగా తేలుతుంది. అమెరికా ధరను పౌండ్లలోకి మారిస్తే 22 వేలకు కాస్త తక్కువ. దాని మీద దిగుమతి సుంకం 10 శాతం, ఆ మొత్తం మీద వ్యాట్ 20 శాతం. అక్కడికే 29 వేలు అయింది. సుంకం షోరూం ధర మీద కాకుండా రేవులో చూపించే విలువ మీద పడుతుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే అనుకోండి. పైగా అమెరికాలో రాసి ఉండే ధరలో సేల్స్ టాక్స్ కలవదు, బిల్లు వేసేటప్పుడు కలుపుతారు. బ్రిటన్‌లో పన్నుతో కలిపే రాస్తారు. మిగిలిన నాలుగు వేల పౌండ్లలో ఓడ ఖర్చు, కుడి వైపు స్టీరింగ్, యూరప్ నిబంధనలకు తగ్గ మార్పులు, అమెరికాలో విడిగా డబ్బు కట్టి తీసుకోవాల్సిన పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ, అన్నీ సర్దుకోవాలి. ఇందులో మోసం ఉందని నాకైతే అనిపించదు.

ఇంకో వైపు నుంచి చూస్తే అది చవక కూడా. ఆ రోజుల్లో బీఎండబ్ల్యూ ఎం4 కొనాలంటే 56 వేల పౌండ్లు దాటేది. దానికంటే 20 వేలు తక్కువకే కొత్త వీ8 కారు దొరుకుతోంది. అందుకే బ్రిటన్‌లో మస్టాంగ్ కొన్నవాళ్లలో ఎక్కువమంది నాలుగు సిలిండర్ల 2.3 లీటర్ల మోడల్‌ని పక్కన పెట్టి, పెట్రోల్ తాగే వీ8నే ఎంచుకున్నారు. మరి ఇంత గిరాకీ ఉన్న కారు కుడి స్టీరింగ్‌తో ఫ్యాక్టరీ నుంచి రావడానికి 1964 నుంచి 2015 దాకా, యాభై ఏళ్లు ఎందుకు పట్టింది? దీనికి జవాబు మస్టాంగ్ పుట్టకముందే మొదలవుతుంది.

1911 నుంచి ఫోర్డ్ కంపెనీ మాంచెస్టర్‌లోని ట్రాఫర్డ్ పార్క్‌లో మోడల్ టీ కార్లు తయారుచేసేది. బ్రిటన్ రోడ్ల మీద వాటిదే రాజ్యం. అలాంటి సమయంలో 1921 నుంచి ప్రభుత్వం కొత్త పన్ను తెచ్చింది: హార్స్‌పవర్‌కి ఏడాదికి ఒక పౌండ్. అయితే ఇది ఇంజిన్ నిజంగా ఇచ్చే హార్స్‌పవర్ కాదు, ఒక సూత్రం ప్రకారం కాగితం మీద తేల్చే హార్స్‌పవర్. సిలిండర్ వెడల్పును అంగుళాల్లో కొలిచి, వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, రెండున్నరతో భాగిస్తారు. పిస్టన్ ఎంత పొడవునా కదులుతుందో ఈ లెక్కకి అక్కర్లేదు. మోడల్ టీ సిలిండర్ వెడల్పు 3.75 అంగుళాలు, సిలిండర్లు నాలుగు. లెక్క వేస్తే 22.5 వస్తుంది. ఆ ఇంజిన్ నిజంగా ఇచ్చేది 20 హార్స్‌పవరే! లేని బలానికి కూడా పన్ను కట్టాలన్నమాట. 1922లో వచ్చిన బుల్లి ఆస్టిన్ సెవెన్‌కి మాత్రం 8 పౌండ్లతో సరిపోయేది.

దాంతో బ్రిటిష్ ఇంజినీర్లు తెలివిగా సిలిండర్లను సన్నగా, పొడుగ్గా చేయడం నేర్చుకున్నారు. వెడల్పు సిలిండర్ల అమెరికన్ ఇంజిన్లకు ఆ దేశంలో చోటు లేకుండా పోయింది. దీనికి తోడు, విలాస వస్తువుల దిగుమతిని తగ్గించడానికి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆర్థిక మంత్రి రెజినాల్డ్ మెకెన్నా 1915లో విదేశీ కార్ల మీద 33 శాతం పైన సుంకం వేశాడు. యుద్ధం ఉన్నన్నాళ్లే అన్నారు. 1924లో ఒకసారి ఎత్తేసి, మరుసటి ఏడాదే మళ్లీ తెచ్చి, 1956 దాకా నడిపారు. తాత్కాలికం అన్న పన్నులు ఎక్కడైనా ఇంతే.

ఇప్పుడు అట్లాంటిక్ అవతలికి వెళ్దాం. 1964 మోడల్‌గా జనరల్ మోటార్స్‌కి చెందిన పాంటియాక్ కంపెనీ జీటీఓ అనే కారు తెచ్చింది. మధ్య తరహా కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో ఒక నియమం ఉండేది. పాంటియాక్ ఇంజినీరు జాన్ డిలోరియన్ బృందం దాన్ని పక్క దారిలో దాటింది: జీటీఓని కొత్త మోడల్ అనకుండా, ఉన్న టెంపెస్ట్ కారుకి సుమారు 295 డాలర్ల అదనపు ప్యాకేజీ అని చూపించింది. అలా మామూలు కుటుంబ కారులో 389 క్యూబిక్ అంగుళాల, అంటే 6.4 లీటర్ల ఇంజిన్ కూర్చుంది. మజిల్ కారు అంటే ఇదే. చవక బాడీ, పెద్ద ఇంజిన్, కుర్రాడి జీతానికి అందే ధర. అదే ఏడాది ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో 2,368 డాలర్ల మస్టాంగ్ బయటికొచ్చింది. మొదటి రోజే 22 వేల ఆర్డర్లు. పట్టింపు ఉన్నవాళ్లు మస్టాంగ్‌ని మజిల్ కారు అనరు, పోనీ (పొట్టి గుర్రం) కారు, అంటే చిన్న స్పోర్ట్స్ తరహా కారు అంటారు. బ్రిటన్‌లో ఈ తేడాని పట్టించుకునేవాళ్లు తక్కువ.

బ్రిటన్‌లో హార్స్‌పవర్ పన్ను అప్పటికే పోయింది, కానీ అలవాటు పోలేదు. ఆ పన్నే గనక ఉండి ఉంటే 289 క్యూబిక్ అంగుళాల మస్టాంగ్ 51 హార్స్‌పవర్ కింద లెక్కకొచ్చేది. పెట్రోల్ మీద సుంకం, ఇరుకు వీధులు, చిన్న ఇంజిన్ల అలవాటు, అన్నీ కలిసి ఫోర్డ్‌ని వేరే దారి పట్టించాయి. 1969లో మస్టాంగ్ కొలతల్ని యూరప్‌కి తగ్గట్టు కుదించి కాప్రీ తెచ్చింది. పొడవాటి బానెట్, చిన్న తోక, చూపంతా మస్టాంగ్‌దే. కింద మాత్రం 1.3 లీటర్ల ఇంజిన్‌తో మొదలు, ధర 890 పౌండ్లు. 1986 దాకా కాప్రీ ఉండటంతో అసలు మస్టాంగ్‌ని కుడి స్టీరింగ్‌కి మార్చే ఖర్చు పెట్టాలన్న ఆలోచన ఫోర్డ్‌కి రాలేదు.

అసలు కార్లు మాత్రం ఇతర దారుల్లో వచ్చాయి. బ్రిటన్‌లోనే ఉన్న లేకెన్‌హీత్, మిల్డెన్‌హాల్ లాంటి అమెరికన్ ఎయిర్‌బేస్‌ల సైనికులు తమ కార్లను వెంట తెచ్చుకునేవాళ్లు, పోయేటప్పుడు కొన్నిటిని అమ్మేసేవాళ్లు. పొడింగ్టన్ అనే ఊరి దగ్గర రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ బాంబర్లు లేచిన రన్‌వే ఒకటి ఉంది. 1966లో దాన్ని శాంటా పాడ్ పేరుతో డ్రాగ్ రేసుల ట్రాక్‌గా మార్చారు. పావు మైలు తిన్నగా, వీలైనంత వేగంగా. మలుపులున్న బ్రిటిష్ పల్లె రోడ్ల మీద తడబడే కారు ఈ ట్రాక్ మీద తన అసలు పని చేసి చూపించేది. బ్రిటన్‌లో ఈ కార్ల మీద మోజుని నిలబెట్టింది ఇలాంటి చోట్లే.

సొంతంగా దిగుమతి చేసుకునేవాళ్ల తిప్పలు వేరు. చాలా అమెరికన్ కార్లలో వెనక ఇండికేటర్ ఎర్రగా వెలుగుతుంది, బ్రేక్ లైటే ఇండికేటర్‌గా మారుతుంది. బ్రిటన్‌లో అది కాషాయ రంగులో ఉండాలి. హెడ్‌లైట్లు ఎడమ పక్కకు వాలాలి. వెనక ఫాగ్ ల్యాంప్ ఉండాలి. పదేళ్ల లోపు కారుకి ప్రత్యేక పరీక్ష పాసవ్వాలి. ఒక్క విషయంలో అదృష్టం కలిసొస్తుంది: స్పీడోమీటర్ మార్చక్కర్లేదు, రెండు దేశాల్లోనూ మైళ్లే. ఎడమ స్టీరింగ్‌తో బతకడం అలవాటయ్యేదాకా కష్టమే. పార్కింగ్ టికెట్ యంత్రం అటు పక్క, డ్రైవరు ఇటు పక్క. ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో పక్క సీట్లో వాళ్లు చెప్పాలి.

మధ్యలో కొన్ని ప్రయత్నాలు జరిగాయి. 2004లో బ్రిటిష్ కంపెనీ వాక్స్‌హాల్ తెచ్చిన మొనారో నిజానికి ఆస్ట్రేలియా కారు, లోపల మాత్రం అమెరికన్ 5.7 లీటర్ల వీ8. కుడి స్టీరింగ్, 30 వేల పౌండ్ల లోపు ధర. తమాషా ఏంటంటే అదే కారుని అమెరికాలో పాంటియాక్ జీటీఓ పేరుతోనే అమ్మారు. 2012లో షెవర్లే కమారో అధికారికంగా దిగింది. 35 వేల పౌండ్ల పైన ధర, అదీ ఎడమ స్టీరింగ్‌తోనే. పెద్దగా ఎవరూ కొనలేదు. 2015 ముగిసేసరికి షెవర్లే సాధారణ కార్లు యూరప్ నుంచే తప్పుకున్నాయి.

మస్టాంగ్ సంగతి వేరైంది, ఎందుకంటే కుడి స్టీరింగ్ ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్ ప్లాంట్‌లో బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల కోసం చేసిన ఆ మార్పు వల్లే 2016లో ఇండియాకీ వచ్చింది, ఢిల్లీ ఎక్స్ షోరూం 65 లక్షలకు. బ్రిటన్‌లో 33 వేల పౌండ్లంటే అప్పటి లెక్కన 30 లక్షల చిల్లర. ధర ఎక్కువని గొణిగిన బ్రిటిష్ వాళ్లు మన డ్యూటీ చూస్తే నోరు మూసుకునేవాళ్లు.

కారుకి బ్రిటన్ సరిపోలేదన్నది నిజం. అక్కడ మామూలు పార్కింగ్ గడి పొడవు 4.8 మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు. మస్టాంగ్ పొడవు 4.784 మీటర్లు. అంటే మిగిలేది 16 మిల్లీమీటర్లు, వేలి మందం. పక్కలకు ఒక్కో వైపు జానెడు ఖాళీ ఉంటుంది, కానీ ఈ కారుకి ఉన్నవి రెండే తలుపులు, అవి బాగా పొడుగు. 2017 మొదట్లో యూరో ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో ఐదింటికి రెండే స్టార్లు వచ్చాయి. పరికరాలు కలిపాక అదే ఏడాది మూడుకి చేరింది. కొనేవాళ్లు మాత్రం వెనక్కి తగ్గలేదు.

2017 ఏప్రిల్ 1న రోడ్డు టాక్స్ పద్ధతి మారింది. సెకండ్ హ్యాండ్‌లో మస్టాంగ్ కొనేవాళ్లు ఇప్పటికీ మొదట అడిగేది ఆ తేదీ గురించే. అంతకుముందు రిజిస్టరైన కారుకి ఏటా పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ని బట్టి పన్ను. మాన్యువల్ జీటీది కిలోమీటరుకి 299 గ్రాములు, అన్నిటికంటే పై శ్లాబు. 2025 లెక్కన ఏడాదికి 760 పౌండ్లు. ఆ తేదీ తర్వాత రిజిస్టరైతే మొదటి ఏడాదే పెద్ద మొత్తం, ఆపైన చాలావరకు అందరితో సమానం, అదే 2025 లెక్కన 195 పౌండ్లు. రెండు కార్లవీ ఆ ఏడాదిని చూపే 17 అంకె ఉన్న నంబర్ ప్లేట్లే కావచ్చు, రంగు కూడా ఒకటే కావచ్చు. ఒకటి మార్చి 30న, ఇంకోటి ఏప్రిల్ 3న రిజిస్టరై ఉంటుంది. ఏడాదికి 565 పౌండ్ల తేడా.

ఈలోగా కొత్త కారు ధర చేయి దాటింది. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలన్న 2016 జూన్ రెఫరెండం తర్వాత పౌండ్ పడింది. 2024లో వచ్చిన ఏడో తరం మస్టాంగ్ జీటీ బ్రిటన్‌లో 55 వేల పౌండ్ల పైనే. అమెరికాలో అప్పట్లో 43 వేల డాలర్ల దగ్గర. ఇందాకటి లెక్కే మళ్లీ వేస్తే 45 వేల పౌండ్ల లోపే తేలాలి. ఈసారి పది వేలకు పైగా మిగులుతోంది. పైగా పొగ నిబంధనల కోసం యూరప్ కారుకి బలం తగ్గించారు. 2015లో ధర మీద గొణిగినవాళ్ల వైపు నేను లేను, ఇప్పుడైతే ఉన్నాను. 2025 ఏప్రిల్‌లో ఇలాంటి కారుకి మొదటి ఏడాది రోడ్డు టాక్సే 5,490 పౌండ్లకు చేరింది.

లండన్‌లో ఇంకో వింత. కాలుష్యం ఎక్కువున్న వాహనాల మీద నగరంలో వేసే యూలెజ్ రుసుము కార్బన్‌ని చూడదు, నైట్రోజన్ ఆక్సైడ్లు, మసిని చూస్తుంది. అందువల్ల 2013 నాటి చిన్న డీజిల్ కారు చాలావరకు రోజుకి 12.50 పౌండ్లు కట్టాల్సి వస్తుంటే, ఐదు లీటర్ల మస్టాంగ్ దాని పక్క నుంచే ఆ రుసుము లేకుండా వెళ్లిపోతుంది.

కొత్తదాని ధర చూసి పాతవాటి వైపు తిరిగినవాళ్లూ ఉన్నారు. ముప్పై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కారుని చరిత్ర ఉన్న వాహనంగా దిగుమతి చేసుకుంటే సుంకం లేదు, వ్యాట్ 5 శాతమే. నలభై ఏళ్లు దాటితే యూలెజ్ లేదు, ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్ష లేదు, రోడ్డు టాక్స్ సున్నా. 1968 నాటి మస్టాంగ్ ఉన్నవాళ్లు కూడా ఏడాదికోసారి టాక్స్ రెన్యూ చేయించుకోవాల్సిందే. ఫారం నింపాలి, సున్నా పౌండ్లు కట్టాలి.