చాట్ నోట్స్‌లో పాస్‌వర్డ్ రిపోకెక్కితే: ఫైల్ తీసేసినంత మాత్రాన పోదు

గత నెల ఒక రాత్రి పదకొండింటికి కావలి నుంచి ఓ కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, పాస్‌వర్డ్ ఉన్న నోట్స్ గిట్‌హబ్‌కి వెళ్ళిపోయింది. ఫైల్ డిలీట్ చేసి మళ్ళీ పుష్ కొట్టేశా. ఇక భయం లేదు కదా?"

రొయ్యల చెరువుల లెక్కలకు యాప్ చేసే నలుగురి టీమ్ వాళ్ళది. స్లాక్ అనే టీమ్ చాట్ యాప్‌లో మాట్లాడుకున్నదంతా రోజూ రాత్రి ఒక స్క్రిప్ట్ నోట్స్‌గా మార్చి, గిట్‌హబ్ సైట్‌లోని రిపోలో (కోడ్, ఫైళ్ళు పాత రూపాలతో సహా దాచుకునే చోటు) కమిట్ చేస్తుంది, అంటే ఆ మార్పును చరిత్రలో నమోదు చేస్తుంది. ఆ రోజు ఎవరో డేటాబేస్ పాస్‌వర్డ్ చాట్‌లో పేస్ట్ చేశారు.

డిలీట్ చేస్తే చాలదు. నెల్లూరులో ఈ ఏర్పాటు చేసిపెట్టిన ప్రతిచోటా నాకు ఎదురయ్యే అపోహ ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఫైల్ తీసేసిన కమిట్ పాత కమిట్ మీద ఇంకో పొర, అంతే. పాతది తెరిస్తే పాస్‌వర్డ్ అక్కడే ఉంటుంది. గిట్ ఫిల్టర్-రిపో అనే టూల్‌తో హిస్టరీ తిరగరాసినా, ఫోర్కుల్లోనూ (గిట్‌హబ్‌లోనే వేరేవాళ్ళు చేసుకున్న కాపీలు) అప్పటికే తీసుకున్న క్లోన్లలోనూ (సొంత కంప్యూటర్లలోకి దించుకున్న కాపీలు) మిగిలే ఉంటుంది. అందుకే ముందు పాస్‌వర్డ్ మార్చండి. టోకెన్ (ప్రోగ్రామ్‌లు పాస్‌వర్డ్‌లా వాడే కోడ్) అయితే రద్దు చేసి కొత్తది తీసుకోండి. హిస్టరీ సంగతి ఆ తర్వాత.

ఆ రాత్రి ఫోన్లోనే ఆ తమ్ముడి చేత మార్పించాను. పది నిమిషాల పని. ఉద్యోగం పోతుందేమోనని గొంతు వణుకుతోంది పాపం. అలా టెన్షన్ పడేవాళ్ళని నేనేమీ అనను, ఎవరికైనా జరిగేదే. "రిపో ప్రైవేట్ కదా, ఏం కాదులే" అని ఆ పిల్లాడికి చెప్పిన సీనియర్ మీదే నా కోపమంతా. మానేసి వెళ్ళినవాళ్ళ లాప్‌టాప్‌లలో ఎన్ని క్లోన్లు ఉన్నాయో ఆయనకు తెలుసా? ఇప్పుడు వాళ్ళ స్క్రిప్ట్ కమిట్‌కి ముందు గిట్‌లీక్స్ అనే తనిఖీ టూల్‌ని నడుపుతుంది. రహస్యంలా కనిపించేది ఏదైనా దొరికితే అక్కడే ఆగిపోతుంది.

"అన్నీ స్లాక్‌లోనే ఉంటాయి కదా, మళ్ళీ రిపోలో నోట్స్ ఎందుకు" అనేవాళ్ళకు ఒక్క మాట: స్లాక్ ఫ్రీ ప్లాన్‌లో 90 రోజుల మెసేజ్‌లే కనిపిస్తాయి. ఏడాది దాటినవాటిని 2024 ఆగస్టు నుంచి పూర్తిగా తుడిచేస్తున్నారు.

నోట్స్ కోసం స్లాక్‌లో చాట్ చదివే బాట్ (మనిషి బదులు పనిచేసే ప్రోగ్రామ్) మన పర్సనల్ మెసేజ్‌లు కూడా చదివేస్తుందన్నది వట్టి పుకారు. బాట్ టోకెన్‌కి మీ ఇద్దరి మధ్య జరిగే సంభాషణ అందదు.

టైమింగ్ విషయం కూడా చూసుకోండి. స్క్రిప్ట్‌ని రోజూ తనంతట తానే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ షెడ్యూల్ మామూలుగా యూటీసీ (మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం నడుస్తుంది. మన అర్ధరాత్రి కావాలంటే 18:30 పెట్టాలి. ఒంగోలులో ఒక టీమ్ సున్నా గంటలకు పెట్టుకుని, నోట్స్ తెల్లవారుజామున అయిదున్నరకు వస్తున్నాయని నెలరోజులు స్క్రిప్ట్‌లో తప్పు వెతికింది.