ఖాళీ పీపాకు మే నెల గండం

నిమ్మ మొక్కో మల్లె పొదో పెట్టుకుందామని చెక్క పీపా తెచ్చినవాళ్లు చాలామంది వానలొచ్చాక చూద్దాంలే అని దాన్ని వేసవంతా ఓ మూల ఖాళీగా పడేస్తారు. నెల్లూరు వడగాడ్పుకు ఇనుప పట్టాలు జారిపోతాయి, పలకలు విచ్చుకుంటాయి, పీపా కాస్తా కట్టెల మోపవుతుంది. చెక్క పుచ్చిందీ లేదు, చెదలు పట్టిందీ లేదు. ఎండింది, అంతే.

పీపా పలకలను పట్టి ఉంచేది జిగురు కాదు, మేకులు కాదు. తడికి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా మాత్రం దాదాపు కదలదు. ఉబ్బిన పలకలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, బయట పట్టా వాటిని బిగించి ఉంచుతుంది. పాతిక పలకల పీపాలో ఎండకు పలక ఒక్కొక్కటి 1 మిల్లీమీటరు తగ్గినా చుట్టుకొలతలో 2.5 సెంటీమీటర్లు పోయినట్టే. ఇనుము తగ్గదు కదా! వదులైన ఎడ్లబండి చక్రాన్ని చెరువులో నానేసేది కూడా ఇందుకే.

225 లీటర్ల పీపాను సగానికి కోస్తే 47 సెంటీమీటర్ల ఎత్తుతో, సుమారు 110 లీటర్లు పట్టే తొట్టి వస్తుంది. కోసే ముందే ప్రతి పట్టాకూ రెండు పలకలకొకటి చొప్పున గాల్వనైజ్డ్ స్క్రూలు దిగ్గొట్టండి. లేకపోతే రంపం సగంలో ఉండగానే పలకలు జారతాయి. మామూలు ఇనుప స్క్రూ వేస్తే పీపా ఓక్ చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం దాంతో కలిసి నల్లటి చారలు కడుతుంది. కలంకారీలో కరక్కాయ, ఇనుము కలిసి ఇచ్చే నలుపూ ఇదే. పట్టా ఇప్పటికే వదులై ఉంటే తొట్టిని బోర్లించి, వెడల్పు అంచు వైపుకు, అంటే నేలవైపుకు, పట్టాను సుత్తితో చుట్టూ కొంచెం కొంచెంగా దించాలి. ఆ తర్వాత నీళ్లు నింపి రెండు రోజులు ఉంచండి. మొదటిరోజు నీళ్లు కారుతుంటే కంగారు పడొద్దు.

నానాక అడుగున 20 మిల్లీమీటర్ల రంధ్రాలు ఆరు పెట్టాలి. అడుగు పలక అంచుకంటే కాస్త పైకి, గాడిలో కూర్చుని ఉంటుంది. గచ్చు మీద నేరుగా పెడితే ఆ ఖాళీలో నీళ్లు చిక్కి, గాలి ఆడక, పుచ్చు అక్కణ్ణుంచే మొదలవుతుంది. అంచు కింద నాలుగు ఇటుకలు వేయండి, అడుగు పలకకు మధ్యలో మరో ఆధారం కూడా ఇవ్వండి. ఇటుకల మీద చెదలు మట్టి గూళ్లు కడితే కంటికి కనిపిస్తాయి, వారానికోసారి గీకేస్తే సరి. చెదలకని వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసే అలవాటుంది. తినే మొక్క ఉండే తొట్టికి అది వద్దు.

అడుగున కంకర పోయాలని అందరూ చెబుతారు. అనవసరం. సన్నమట్టి పూర్తిగా నానితే తప్ప నీరు కంకరలోకి దిగదు. కంకర పోస్తే ఆ బురద పొర వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రాల మీద షేడ్ నెట్ ముక్క చాలు. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒకటి, కొబ్బరి పొట్టు ఒకటి కలపండి. పొట్టులో ఉప్పుంటుంది, రెండు మూడు నీళ్లతో కడగాలి. ప్రకాశం వైపు నల్లరేగడిని వాడొద్దు, ఎండితే గోడ వదిలేసి నెర్రెలిస్తుంది, పోసిన నీళ్లన్నీ పక్కనుంచే జారిపోతాయి. నిండిన తొట్టి తడిసినప్పుడు 180 కిలోల పైమాటే. మిద్దె మీదైతే స్లాబు నడుమ కాకుండా గోడ మీదుగానో దూలం మీదుగానో పెట్టండి.

లోపల పాలిథీన్ పరిస్తే చెక్క ఎక్కువకాలం మన్నుతుందంటారు. చలి దేశాల్లో అయితే సరే. ఇక్కడ అలా చేస్తే తడి పలకకు అందదు, పలక ఎండుతుంది, పట్టా వదులవుతుంది. మట్టి తడి తగలనివ్వడమే మేలు. బయటివైపు మాత్రం అవిసె నూనె రెండు పూతలు వేయొచ్చు. పూత వేసిన గుడ్డను ఉండచుట్టి పారేయకండి. ఆ నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకోవచ్చు. నీళ్లలో ముంచి, విప్పి ఆరేయండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలే మనకు ఎక్కువ. ఆ నెలల్లో రంధ్రాల్లో పుల్ల పెట్టి వేళ్లు అడ్డుపడ్డాయేమో చూసుకోవాలి. తీరం వెంబడి ఉప్పు బోరు నీళ్లు పోసేవాళ్లకు ఆ వానే మట్టిలో పేరుకున్న ఉప్పును కడిగిపెడుతుంది. మొక్క తీసేస్తే తొట్టిని మట్టితోనే ఉంచి, వేసవిలో రెండు రోజులకో బిందె నీళ్లు పోస్తుండండి.