"నా దగ్గర రాయడానికి ఏముందండీ?": డైరీ, కవిత్వం చుట్టూ అపోహలు - వాస్తవాలు

రాయడం నేర్పే క్లాసు ఎప్పుడు పెట్టినా వెనక వరసలోంచి ఇదే మాట వస్తుంది. "నా జీవితంలో ఏం జరుగుతుందని రాయాలి? వంట, ఆఫీసు, పిల్లల హోంవర్కు." సరదాపడి వచ్చి కూడా ఏమీ రాయకుండా మానేసేవాళ్ళలో ఎక్కువమంది ఈ ఒక్క నమ్మకంతోనే మానేస్తారు.

అపోహ: గొప్ప అనుభవమో, గొప్ప భావమో ఉంటేనే రాయాలి.

వాస్తవం: చూసింది చూసినట్టు రాస్తూ పోతే భావం దాని వెనకే వస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. ఏ మజిలీ ఎంత దూరం, దారి ఎలా ఉంది, నీళ్ళు దొరుకుతాయా, అంగళ్ళలో ఏముంది, ఇలాంటివే రాసుకుంటూ వెళ్ళారు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రను ఇప్పటికీ చదువుతున్నాం. గొప్ప భావం తట్టేదాకా ఆగుదామనుకుని ఉంటే ఆయన మొదటి మజిలీలోనే ఉండిపోయేవారు.

మా క్లాసుకి ఒకావిడ ఖాళీ నోటుబుక్కే తెచ్చేవారు. ఇంట్లో అసలేమీ రాయరా అంటే, "క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తాను" అని నవ్వారు. అదే పట్టుకురమ్మన్నాను. ఒక నెలలో వరసగా కొన్ని గళ్ళలో సున్నాలున్నాయి. ఏమిటివని అడిగాను. పాలు పోసే అతని గేదె చచ్చిపోయిందట. అడ్వాన్సు అడుగుదామని వచ్చి, అడగలేక, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడట. ఇప్పుడు చెప్పిందే రాయండి అన్నాను. ఎనిమిది పంక్తులు వచ్చాయి. బాధ అన్న మాట ఎక్కడా లేదు. చదవడం అయ్యాక పక్కావిడ, "మరి డబ్బిచ్చారా?" అని అడిగారు. కవిత పనిచేసిందనడానికి నాకు ఇంకో రుజువు అక్కర్లేదు.

కాబట్టి పడుకునే ముందు ఆ రోజు చూసినదొకటి, విన్న మాటొకటి రాయండి. "హ్యాపీ", "బోర్" అని తేల్చెయ్యొద్దు. ఆ మాట ఎవరన్నారు, అన్నప్పుడు వాళ్ళ చేతిలో ఏముంది, అది రాయండి. వారం చివర చదువుకుని ఒక్కదాన్ని నానీగా, అంటే చిట్టి కవితగా, కుదించండి. దానికి కవి ఎన్. గోపి పెట్టిన కొలత ఇది: నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. దండగ మాటలు ఎన్ని వాడుతున్నామో అప్పుడు తెలుస్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఛందస్సు రాకపోతే కవిత్వం కాదా? ఆ తగువు ఎప్పుడో తీరిపోయింది. గణాలు నేర్చుకుంటే చెవికి మంచిదే, ఆటవెలదితో మొదలుపెట్టండి. అది వచ్చేదాకా రాయడం ఆపొద్దు.

21 రోజులు రాయాలి, ఒక్కరోజు తప్పితే మళ్ళీ మొదటికి అన్నది వాట్సాప్ శాస్త్రం. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధనలో అలవాటు కుదరడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు అని తేలింది. ఒకరోజు తప్పితే కొంప మునగలేదు.

రాయగానే మనసు తేలికైపోతుందా? అవ్వకపోవచ్చు. అమెరికాలో పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు 1986లో విద్యార్థుల చేత నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమకు జరిగిన చేదు సంగతులు రాయించారు. రాసిన వెంటనే వాళ్ళ దిగులు పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళడం తగ్గింది. అందుకని రాసిన రాత్రి మనసు బరువెక్కితే కంగారు పడకండి. నిద్ర పట్టనంతగా ఉంటే మాత్రం ఆ విషయం పక్కన పెట్టి డాక్టర్‌తో మాట్లాడండి.

ఇంట్లోవాళ్ళు చదువుతారేమోనన్న టెన్షన్ అపోహేం కాదు. చాలామంది ఆడవాళ్ళకి అది నిజమైన భయం. రాసి చింపేయండి. దాచి తీరాలన్న రూలేమీ లేదు.

ఇక పిల్లాడి డైరీ తెచ్చి "ఒత్తులు చూడండి మేడమ్" అనే తల్లిదండ్రులకి: ఒత్తులు స్కూల్లో దిద్దుతారు. ఆ పుస్తకం వాడి బ్యాగులో పెట్టేయండి.